ఎర్ర మచ్చ లేనివి

నూట పద్నాలుగో పేరు రాసేటప్పుడు పైడిరాజు కలం మధ్యలో ఆగింది. పేరు చెబుతున్న పెద్దాయన అది చూసి ఎండదెబ్బ అనుకున్నాడు.

“నీడకి రా బాబూ. ఈ ఎండలో నిలబడి సీతాకోకలు లెక్కపెట్టమని ఎవరు చెప్పేరు నీకు?” అన్నాడు.

ఆయన పేరు కూర్మారావు. టెక్కలి దగ్గర బళ్ళో హెడ్మాస్టరుగా చేసి రిటైరై, వేసవికి విశాఖపట్నంలో కూతురింటికి వచ్చాడు. ఇద్దరు మనవల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే తోటకొచ్చి, గన్నేరు వరస పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన తెల్లచొక్కా భుజం మీద మూడు సీతాకోకలు, మోచేతి మీద ఒకటి వాలి ఉన్నాయి. చెయ్యి కదిపితే లేచి, చుట్టూ ఒక చక్కరు కొట్టి, మళ్ళీ వచ్చి అక్కడే వాలుతున్నాయి. మనవలు మా మీదా వాలండి అని చేతులు చాపుకుని నిలబడ్డారు గాని వాటికి ఆ పిల్లలు కనబడుతున్నట్టే లేదు.

“ఆఫీసోలండి,” అన్నాడు పైడిరాజు. “ఫోన్ నెంబరు కూడా సెప్పండి మాస్టారూ.”

“నా నెంబరెందుకు? ఇవి ఇంటికెళ్ళేక నాకు ఫోన్ చేస్తాయా?”

మనవలు పకపకా నవ్వారు. పైడిరాజు కూడా నవ్వబోయాడు గాని మొహం మాట వినలేదు. వంగి, సీతాకోకల రెక్కల్ని ఒక్కొక్కటిగా చూశాడు. నిమ్మచెట్ల మీద పెరిగే మామూలు జాతే. నల్లటి రెక్కల మీద పసుపు చల్లినట్టు మచ్చలు. అయితే వెనక రెక్క చివర, ఒంటి పక్కన, కుంకుమబొట్టంత ఎర్ర మచ్చ ఉండాలి. నాలుగింటిలో ఒక్కదానికీ లేదు.

‘4’ అని వేశాడు. మాస్టారు తృప్తిగా తల పంకించి, పరీక్షలో మార్కులు పడ్డట్టు మనవల వంక చూశాడు.

ఆ వేసవి ఊరంతా ఆ తోట గురించే చెప్పుకుంటోంది. అంతకుముందు అక్కడికి పొద్దున్న నడకకొచ్చే షుగరు మనుషులు, మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టిన జంటలు తప్ప ఎవరొచ్చేవారని. ఏప్రిల్లో ఎవరో ఒకావిడ మీద ఏడు సీతాకోకలు వాలాయట, వారం తిరక్కుండా ఆవిడ కూతురి పెళ్ళి కుదిరిందట. ఇంకేం కావాలి. జనం సెలవులకి వచ్చిన చుట్టాల్ని సింహాచలం కొండకి తీసుకెళ్ళి, అట్నుంచి అటే ఈ తోటకి తేవడం మొదలుపెట్టారు. పసుపు రంగు కడితే వస్తాయని ఒకరు, కొబ్బరినూనె రాసుకుంటే రావని ఒకరు. కొత్త పెళ్ళికూతుళ్ళు ఊపిరి బిగబట్టి బెంచీల మీద కూర్చునేవారు. తోట ఆఫీసువాళ్ళు కూడా మురిసిపోయి, గేటు దగ్గర రంగుల బోర్డు ఒకటి పెట్టారు.

ఆ జనంలో అసలు సంగతి తెలిసినవాడు పైడిరాజు ఒక్కడే. తెలిసి చేసేదేమీ లేదు. పేరు, ఊరు, ఫోన్ నెంబరు, ఎన్ని వాలాయి. అంతే అతని పని.

*

కొండకింద పరిశోధనశాలలో అతను అటెండరుగా చేరి నాలుగేళ్ళు. అక్కడి పెద్ద డాక్టర్ ఇందుమతి. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని గదంతా వెతుక్కునేది. ఆవిడ అన్నగారు నరాలు ఎండిపోయే జబ్బుతో మంచాన పడి, ముప్పైతొమ్మిదేళ్ళకే పోయాడు. ఆ జబ్బుకి ఇంగ్లీషులో బారెడు పేరుంది. అటెండర్లందరూ నరాల ఎండు అనేవారు. మందు లేదు. కొన్ని ఇళ్ళల్లో తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకి వస్తుంది, బయటపడేదాకా ఎవరికొచ్చిందో తెలియదు. మొట్టమొదటి గుర్తు చిత్రంగా ఉంటుంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతుంది. జారిందన్న సంగతి ఆ మనిషికి తెలియదు.

ఆ జబ్బు పడ్డవాళ్ళ చెమటకి మనిషి ముక్కు పట్టలేని ఒక వాసన ఉంటుందని ఇందుమతి నమ్మకం. సీతాకోక పట్టగలదు. దానికి కాళ్ళతో రుచి చూసే గుణం ఉంది, ఏ ఆకు మీద గుడ్డు పెట్టాలో కాలు మోపి తెలుసుకుంటుంది.

దోమతెరతో కట్టిన పెద్ద గుడారంలో ఇరవై పళ్ళేలు పెట్టేవారు. ఒక్కో పళ్ళెంలో ఎవరో వేసుకుని విడిచిన బనియన్ ముక్క. పది ముక్కలు రోగులవి, పది మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవి. రోగుల ముక్కల మీద తేనెనీళ్ళు చల్లడం, ముందుగా వచ్చి వాలినవాటిని పట్టి గుడ్లకి ఉంచడం, మిగతావాటిని తీసెయ్యడం పైడిరాజు పని. నెలకో తరం. మొదటి తరాలు ఎక్కడ పడితే అక్కడ వాలాయి. పదో తరానికి తేనె చల్లిన ముక్కలు తప్ప వేరేవి చూడలేదు. ఇరవయ్యో తరానికి తేనె అక్కర్లేకపోయింది. ఏరినవాటిలో వాటికే జత కట్టించగా కట్టించగా వాటి రెక్కల మీద ఎర్ర మచ్చ మాయమైంది. ఎందుకు పోయిందో ఇందుమతికి కూడా తెలియదు.

ఒకరోజు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ముక్కల్లో ఒకదానిమీద పదిహేను సీతాకోకలు కుప్పగా వాలాయి. అది ఒక రోగి తమ్ముడిది. ఇరవైనాలుగేళ్ళవాడు, వాలీబాల్ ఆడతాడు. పళ్ళేలు కలిపేశావని ఇందుమతి పైడిరాజుని చెడామడా తిట్టింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే వాలాయి. ఏడాది నిండకుండా ఆ కుర్రాడు అన్నని చూడ్డానికొచ్చి, ఆస్పత్రి మెట్ల మీద ఒక చెప్పు వదిలేసి, తెలియకుండా పైకెక్కి వచ్చాడు. ఆ చెప్పు తెచ్చి ఇచ్చింది పైడిరాజే.

ఆ సాయంత్రం ఇందుమతి చేతి తొడుగులు తీసేసి, ఉత్త చెయ్యి గుడారంలో పెట్టింది. పావుగంట. ఒక్కటీ వాలలేదు. చెయ్యి బయటికి తీసి స్టూలు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. “నువ్వూ పెట్టి చూడు,” అంది తర్వాత. పైడిరాజూ పెట్టాడు. అతని మీదా వాలలేదు. భయపడాలన్న సంగతి కూడా అప్పటికి అతనికి తట్టలేదు.

భయం ఇంటికెళ్ళాక పట్టుకుంది. భార్య నూకరత్నం పెళ్ళైన కొత్తలో వాళ్ళ నాన్న గురించి చెప్పి నవ్వించేది. “మా నాన్నకి సెప్పులు నిలిసీవి కాదు మావా. సంతకి రెండు సెప్పుల్తో ఎల్లి ఒక సెప్పుతో వొచ్చీవోడు. ఎనకాల నాను ఎతుక్కుంటా ఎల్లీదాన్ని.” తాగుడు వల్ల అని ఊళ్ళో అనేవారట. నలభైయ్యైదు దాటకుండా పోయాడు. ఆ కథ విని పైడిరాజు ఎన్నోసార్లు కడుపుబ్బ నవ్వాడు. ఆ రాత్రి మాత్రం అన్నం సయించలేదు. మర్నాడు బజారుకెళ్ళి, వెనకాల పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కొచ్చి రత్నానికిచ్చాడు. ఇవైతే జారవు అన్నాడు. తను చేసిన పిచ్చిపని తనకే తెలుసు, అయినా చేశాడు.

*

ఇక తప్పు సంగతి.

ఎక్కువైన ప్యూపాల్ని, అంటే ఇంకా సీతాకోక బయటపడని గూళ్ళని, శనివారం శనివారం డబ్బాలో పెట్టి ఫ్రీజరులో పడెయ్యాలి. ఒక్కటి కూడా బయటికి పోకూడదు. నాలుగేళ్ళు ఆ పని చేస్తూనే ఉన్నాడు, ఏమీ అనిపించలేదు. జనవరిలో రత్నం నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి అత్తగారు పనిగట్టుకుని వచ్చి, అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“బాబూ, రత్నం నీళ్ళోసుకున్నాది. నువ్వు గెడ్డం గియ్యకు, కొబ్బరికాయ కొట్టకు, శవాన్ని మొయ్యకు. సీమదైనా సరే, పేణం తియ్యకు. ముందు రెండుసార్లూ ఎవులూ సెప్పక పోయినాది.”

పైడిరాజు లెక్క వేసుకున్నాడు. ముందు రెండుసార్లూ శనివారాలున్నాయి. ఒక్కో శనివారం ఎనభై, వంద. లోకంలో ఏ భర్తా అన్ని ప్రాణాలు తీసి ఉండడు.

ఆ శనివారం డబ్బా పట్టుకుని ఫ్రీజరు తలుపు తీశాడు. చలి మొహాన కొట్టింది. ఆకుపచ్చటి ప్యూపాలు, బఠాణీ కాయల్లా, కొన్ని లోపల కదులుతున్నాయి. తలుపు మూసేశాడు. డ్యూటీ దిగాక డబ్బా సంచిలో పెట్టుకుని, దారిలో ఉన్న తోటలోకి వెళ్ళి, వెనకవైపు నిమ్మచెట్ల కొమ్మల సందుల్లో, కరివేపాకు గుబురులో సర్దేసి వచ్చాడు. తొమ్మిది శనివారాలు అలాగే చేశాడు. రిజిస్టరులో మాత్రం ఫ్రీజరులో పెట్టినట్టే రాశాడు. ఇవి పదిరోజులు బతికి పోతాయి, ఎవరికి నష్టం అనుకున్నాడు. చదువు తక్కువవాడు కాబట్టి అనుకున్నాడని తీసిపారెయ్యడానికి లేదు. కడుపులో బిడ్డకోసం ఎవరైనా అలాగే అనుకుంటారు.

అవి పదిరోజులు బతికి పోలేదు. గుడ్లు పెట్టాయి.

ఇందుమతికి ఎవరో ఫోనులో వీడియో పంపారు. తోటలో ఒక ముసలాయన, నెత్తి మీద, భుజాల మీద సీతాకోకలు, చుట్టూ చప్పట్లు. ఆవిడ దాన్ని పెద్దది చేసి చూసింది. పైడిరాజుని పిలిచింది. ఫోను చూపించింది. అతని గడ్డం వంక చూసింది.

“ఇదేదో మొక్కు అనుకున్నాను,” అంది.

“నానే వొగ్గీసినానండి,” అన్నాడు పైడిరాజు. “ఇంట్లో ఆడమనిసి కడుపుతో ఉన్నాదండి. పేణం తియ్యకూడదన్నారండి.”

తిడుతుందనుకున్నాడు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

“నాకు చెప్పి ఉంటే ఆ పని నేనే చేసేదాన్ని గదయ్యా,” అంది.

తర్వాత పదిరోజులు ఆవిడ తిరగని చోటు లేదు. నిమ్మచెట్లు కొట్టించమని తోటవాళ్ళని అడిగితే, జనం ఇప్పుడిప్పుడే వస్తున్నారు, ఎందుకు కొట్టాలన్నారు. కారణం చెబుదామంటే పైవాళ్ళు వద్దన్నారు. మందు లేని జబ్బు ఫలానావాళ్ళకి రాబోతోందని బోర్డు పెడితే, సీతాకోక వాలినవాడల్లా ఇంటికెళ్ళి ఉరేసుకుంటాడు, ఎవరిది పూచీ అన్నారు. వలలు పట్టుకుని ఇద్దరూ నాలుగురోజులు పట్టారు. వంద పడితే రెండొందలు ఎగిరేవి. పైగా జనం ఊరుకోలేదు. సీతాకోకల్ని పడుతున్నారని ఒకావిడ వాళ్ళ మీద చెప్పు ఎత్తింది.

అప్పుడు నోటుపుస్తకం ఇచ్చింది ఇందుమతి. “వేసవి లెక్క అని చెప్పు. ఎవరి మీద వాలినా పేరు రాసుకో. మందు వచ్చిన రోజున వాళ్ళెక్కడున్నారో మనకి తెలియాలి.”

“ఎప్పుడొస్తాదండి మందు?”

ఆవిడ కిటికీ వైపు చూసింది. “రాసుకో,” అంది మళ్ళీ.

రత్నం వాళ్ళ నాన్న చెప్పుల సంగతి ఆ రోజే చెప్పేశాడు. ఇందుమతి గొంతు తగ్గించి, “ఒక రుమాలు తీసుకురా పైడిరాజూ. ఆవిడ చెమట తుడుచుకున్నది. గుడారంలో పెడితే పదినిమిషాల పని,” అంది.

“వొద్దండి.”

“కాదని తేలితే నిశ్చింతగా ఉంటావు కదా.”

“అవునని తేలితేనండి?”

ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

*

మాస్టారు మనవల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు సీతాకోకలు గేటు దాకా ఆయన వెంటే వెళ్ళి, రోడ్డు మీద వేడికి వెనక్కి తిరిగాయి. పదకొండున్నరైంది. తోట బయట ముంజెలవాడి చుట్టూ జనం మూగారు. పైడిరాజు పుస్తకం మూసి తల తిప్పేసరికి, గేటు దగ్గర పసుపుపచ్చ చీరలో రత్నం కనబడింది.

ఒక చేతిలో కేరేజీ, రెండో చెయ్యి నడుం మీద. ఏడో నెల పొట్టతో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. నెలరోజులుగా తోటకి తీసుకెళ్ళమని ప్రాణం తీస్తోంది. ఎండ అన్నాడు, జనం అన్నాడు, తోటలో తేళ్ళున్నాయన్నాడు. వీధిలో అందరూ వెళ్ళొచ్చారు, సీతాకోకల దగ్గర ఉద్యోగం చేసేవాడి పెళ్ళాన్ని, నేనొక్కదాన్నే చూడలేదని మూతి ముడుచుకుంది. ఈరోజు ఇక అడగడం మానేసి ఆటో ఎక్కేసింది.

“ఏటే ఇలగొచ్చినావు?” అన్నాడు పరుగున ఎదురెళ్ళి.

“అన్నం అట్టుకొచ్చినాను మావా. మావిడికాయ పప్పు.” నవ్వు దాచుకోలేక చెప్పింది. “అన్నం తేకూడదని కూడా అంటావేటి?”

“ఇచ్చీసి ఎల్లిపో. ఆటో ఎక్కిస్తాను, రా.”

“ఎల్లను. కాళ్ళు పీకుతున్నాయి. ఆ బెంచీ మీద కూకుంటాను.”

మాస్టారు కూర్చున్న బెంచీ అది. పైడిరాజు కళ్ళు ముందు ఆమె పాదాల మీదికి పోయాయి. రెండు చెప్పులూ ఉన్నాయి. నీరు పట్టిన పాదాల్లోకి పట్టీలు దిగబడి ఉన్నాయి. ఈ పాదాలకి చెప్పులు జారినా వాపు వల్లే అనుకోవచ్చు, వదులై జారినా కడుపుతో ఉన్నందుకే అనుకోవచ్చు. ఏదైనా అనుకోవచ్చు. ఆ సంగతి అతనికి కొంచెం ధైర్యంగా, అంతకంటే ఎక్కువ భయంగా ఉంది.

బెంచీకి ఆ చివర ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. పిల్లకి ఏడేళ్ళుంటాయి, రెండు పిలకలు, ఎర్ర గౌను. పిల్ల మోకాలి మీద రెండు, పిలక మీద ఒకటి, అరచేతిలో రెండు సీతాకోకలు. బెదిరిపోతాయని పిల్ల ఊపిరి కూడా మెల్లిగా తీసుకుంటోంది. తల్లి సంతోషం పట్టలేక కనబడ్డవాళ్ళందర్నీ పిలిచి చూపిస్తోంది.

పైడిరాజు వంగాడు. ఒకటి, రెండు, మూడు. ఎర్ర మచ్చ లేదు. నాలుగు, ఐదు. లేదు.

“ఓలమ్మా, ఎంత అదృష్టమో గుంటకి,” అంది రత్నం, ముచ్చటపడిపోతూ. “పాపా, ఒకటి నా సేతిలో ఎట్టవా?”

పైడిరాజు ఒద్దు అనబోయాడు. ఆలోపే పిల్ల అరచేతిలో ఒకదాన్ని వేలు మీదికి ఎక్కించుకుని జాగ్రత్తగా తెచ్చి రత్నం వేలికి ఆనించింది. సీతాకోక ఒక కాలు పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. రెక్కలు ఒకసారి మూసి తెరిచింది. పైడిరాజుకి చుట్టూ ఉన్న జనం గోల వినబడలేదు. అప్పుడది లేచి, తిన్నగా పిల్ల అరచేతిలోకి వెళ్ళి వాలింది.

“ఛ,” అంది రత్నం. “నా సెయ్యి నచ్చలేదు దానికి.”

పైడిరాజుకి ఒక్కసారి ఒళ్ళంతా తేలికైపోయింది. పట్టరాని సంతోషం. అక్కడే కూర్చుని ఏడ్చేద్దామనిపించింది. ఆ సంతోషంలో ఉండగానే తల్లి తన ఫోను అతని చేతిలో పెట్టింది.

“అన్నయ్యా, ఒక ఫోటో తియ్యరా? ఐదూ పడాలి.”

తీశాడు. ఫోను తెరమీద పిల్ల మొహం, ముందు పళ్ళు రెండు ఊడి, సందులోంచి నాలిక కనబడేలా నవ్వుతోంది. అతని సంతోషం అలాగే చేదైపోయింది. ఇందాక తను సంతోషించింది దేనికి? సీతాకోక ఇటు రానందుకు. అటు వెళ్ళింది కదా.

“పేరు రాసుకుంటారంట కదా? రాయండి. యోషిత. రెండో తరగతి. గోపాలపట్నం.” తల్లి నెంబరు రెండుసార్లు చెప్పింది, తప్పు పోతుందేమోనని. వాళ్ళాయన నెంబరు కూడా రాయించింది. “మంచిదే కదన్నయ్యా, ఇన్ని వాలితే?”

ఆవిడ తేరిపార చూస్తోంది. చెప్పెయ్యాలనిపించింది. చెబితే ఏమవుతుంది? ఈ రోజు నుంచి ఈ తల్లి పిల్ల చెప్పుల వంక చూస్తూ బతుకుతుంది, తను బతుకుతున్నట్టే. ఎన్నేళ్ళు? పదో, ఇరవయ్యో. చెప్పకపోతే ఆ పదో ఇరవయ్యో ఏళ్ళు ఆవిడ ఈ ఫోటో చూసి మురిసిపోతుంది. ఏది మేలో చెప్పగలిగే చదువు అతనికి లేదు. ఇందుమతికి ఉంది, ఆవిడకీ తెలియదు.

“మంచిదేనమ్మా,” అన్నాడు.

యోషిత అని రాసి ‘5’ వేశాడు.

రత్నానికి దాహం వేసింది. మొహమంతా చెమటలు. అతను తన రుమాలు ఇచ్చి, పుస్తకం బెంచీ మీద పెట్టి, గేటు పక్క చలివేంద్రానికి వెళ్ళాడు. అక్కడ వరస ఉంది. కడుపుతో ఉన్న మనిషికమ్మా అని బతిమాలితే ముందు పోశారు. చెంబు పట్టుకుని తిరిగొచ్చేసరికి బెంచీ మీద రత్నం ఒక్కతే ఉంది. పిల్లా తల్లీ వెళ్ళిపోయారు.

పుస్తకం తెరిచి ఉంది. యోషిత పేరు కింద, ఎనిమిదో తరగతి నాటి గుండ్రటి అక్షరాలతో, నూకరత్నం అని రాసి ఉంది. ఫోన్ నెంబరు గడి ఖాళీ. చివరి గడిలో ‘1’.

“ఇదేటి రత్నం?”

“నువ్వెల్లినావు కదా, అప్పుడొచ్చి వాలినాది. ఇగో, ఇక్కడ.” పొట్ట మీద చెంగు చూపించింది.

“నిజంగానా?”

“నిజంగానే.”

“దాని రెక్క సివర ఎర్ర మచ్చున్నాదా, నేదా?”

“మచ్చేటి?” రత్నం నీళ్ళు తాగడం ఆపి అతని వంక చూసింది. “సీతాకోకొచ్చి వాలితే ఎవులైనా మచ్చలు ఎతుకుతారేటి?”

“సూడనేదా? సరిగ్గా గుర్తుకు తెచ్చుకో. ఎంతసేపు ఉన్నాది? తోలితే మళ్ళీ వొచ్చిందా?”

అతని గొంతు విని ఆమె మొహం చిన్నబోయింది. “వాలకపోతే మాత్రం ఏటి మావా, రాసీనాననుకో,” అంది తల దించుకుని. “ఊళ్ళోవోల పేర్లన్నీ రాస్తావు. నా పేరు నీ బుక్కులో ఉండకూడదేటి?”

“వాలిందా, వాలనేదా?”

“ఏటో. నువ్వలగ అడిగితే నాకే తెలీడం నేదు.”

పైడిరాజు గేటు వైపు పరిగెత్తాడు. ఆ తల్లిని అడగాలి. రోడ్డు మీద ఆటోలు, బస్సులు, ఎండ. ఎర్ర గౌను ఎక్కడా లేదు. నెంబరు పుస్తకంలో ఉంది, ఫోన్ చేసి అడగొచ్చు. ఏమని అడుగుతాడు? మా ఆవిడ మీద సీతాకోక వాలిందాండీ అనా? వాలిందని ఆవిడ సంబరంగా చెబితే? మామూలుది వాలినా వాలి ఉండొచ్చు. తోటలో ఎర్ర మచ్చ ఉన్నవీ బోలెడున్నాయి, అవి ఎక్కడైనా వాలతాయి, వాటికేమీ తెలియదు. వెనక్కొచ్చి పుస్తకం తీసుకున్నాడు. కాగితం చింపేద్దామని చెయ్యి వేశాడు. అదే కాగితం మీద యోషిత ఉంది, కూర్మారావు మాస్టారు ఉన్నాడు. మూసేశాడు.

ఆటోలో రత్నం అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అలక తీరిందో లేదో తెలియలేదు. రుమాలు తడితడిగా అతని చొక్కా జేబులో ఉంది.

*

సోమవారం అందరికంటే ముందే వెళ్ళాడు. పరిశోధనశాలలో అప్పుడే లైట్లు వేశారు. గుడారంలో సీతాకోకలు దోమతెరని పట్టుకుని, రెక్కలు విప్పి, వెచ్చబడటానికి ఎదురుచూస్తున్నాయి. పైడిరాజు ఇరవై పళ్ళేలూ కడిగి వరసగా పెట్టాడు. జేబులోంచి రుమాలు తీశాడు. రాత్రంతా జేబులోనే ఉంచాడు, ఆరిపోయి గట్టిపడింది. గుడారం జిప్పు మీద చెయ్యి వేశాడు.

పదినిమిషాల పని. కాదని తేలితే, ఆస్పత్రి మెట్ల మీద ఆ చెప్పు దొరికిన రోజు నుంచి మొదటిసారి కడుపునిండా అన్నం తింటాడు. అవునని తేలితే రత్నం ఒక్కతే కాదు. కడుపులో ఉన్నదానికి కూడా రావడానికి సగానికి సగం వీలుంది. ఒక్క ప్రాణం తియ్యకుండా నెలల తరబడి కాచుకున్న బిడ్డ.

లోపల ఒక సీతాకోక లేచి, తెర మీద అతని చేతికి ఎదురుగా వాలింది. బయట ఉన్న రుమాలు కోసమో, లోపలి వెలుతురు కోసమో. పైడిరాజు చూపు తిప్పేసుకున్నాడు.

కుళాయి దగ్గరికెళ్ళి రుమాలు సబ్బు పెట్టి ఉతికాడు. పిండి, వాసన చూసి, మళ్ళీ సబ్బు పెట్టి ఉతికాడు. తెల్లగా అయ్యాక బయట కరివేపాకు మొక్క మీద ఆరేశాడు.

ఇందుమతి తొమ్మిదింటికి వచ్చింది. కళ్ళజోడు నెత్తి మీదనుంచి కిందికి దించుకుని, నోటుపుస్తకం ముందేసుకుని, ఆదివారం పేర్లు కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. యోషిత దగ్గర కాసేపు ఆగింది. వయసు ఎంత అని అడిగింది. ఏడు అన్నాడు. ఆవిడ పెదాలు బిగబట్టి నెంబరు కొట్టింది.

“నూకరత్నం,” అని చదివింది తర్వాత. “ఇది నీ రాత కాదే. ఒక్కటే వాలిందా? ఊరు లేదు, ఫోన్ నెంబరు లేదు. రేపు ఈవిణ్ణి ఎక్కడని వెతుకుతామయ్యా?”

పైడిరాజు కిటికీలోంచి ఆరుతున్న రుమాలు వైపు చూశాడు.

“ఎతకక్కర్నేదండి,” అన్నాడు. “ఆ ఇల్లు నాకు తెలుసు.”